ఎత్తిన ఎడమ చెయ్యి

జూలై 7, సోమవారం. ప్రొద్దుటూరు

దగ్గు: ఉదయం ఆరు. మధ్యాహ్నం రెండు. సాయంత్రం నాలుగు.

డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లు దగ్గు వస్తోంది, మెట్లెక్కితే ఆయాసం ఎంత, నిద్ర పట్టిందా లేదా. "నోటి లెక్క వద్దు ఆచారి గారూ, ఒక పుస్తకంలో రాసుకుని తీసుకురండి" అన్నాడు. ఈ డైరీ నగల దుకాణం వాళ్ళు ఇచ్చింది. మొదటి పది పేజీల్లో జుమికీల నమూనాలు గీసి పెట్టాను. మిగతాదంతా ఖాళీ. ఒంటరిగా ఉండేవాడికి ఇంత పుస్తకం ఎందుకా అనుకున్నాను. దగ్గుకు పనికొచ్చింది.

కుడి ఊపిరితిత్తిలో ఒక మచ్చ ఉందట. రేగిపండంత. యాభై ఏళ్ళు కుంపటి పొగా ఆమ్లం ఆవిరీ పీల్చిన ఊపిరితిత్తి. అందులో రేగిపండు కాక మల్లెపువ్వు పూస్తుందా. ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఉమకు చెప్పాల్సిన పని లేదు. పులివెందులలో వాళ్ళమ్మ ఇంట్లో ఆమె పాటికి ఆమె ఉంది. మూడేళ్ళుగా లేని మొగుడి దగ్గు ఇప్పుడు ఆమెకెందుకు.

జూలై 8

దగ్గు: తొమ్మిది. ఉమకు చెప్పను.

జూలై 14, సోమవారం

దగ్గు: పదకొండు.

క్యాన్సరే. ఇంకా ఎక్కడికీ పాకలేదట.

రిపోర్టు చదవడానికి కృపానందం జమ్మలమడుగు నుంచి వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. వాళ్ళ చర్చిలో పెళ్ళికి అతనికీ జ్ఞానమ్మకూ ఉంగరాలు చేసింది నేనే. అప్పటి నుంచీ స్నేహం. ఆపరేషన్ చేసి తీసేయడం కుదరదట. మత్తుమందుకు నా ఊపిరితిత్తులు తట్టుకోవని తేల్చేశారు. కాగితాలన్నీ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"కోసేది లేదప్పా. కత్తి లేదు, కుట్టు లేదు. బెంగళూరులో ఒక మిషన్ ఉండాదంట. పెద్ద చెయ్యి మాదిరి ఉంటాదంట. నిన్ను పండబెట్టి నీ సుట్టూ తిరుక్కుంటా ఆ గడ్డ మీదికే కిరణాలు కొడతాదంట. నాలుగు దఫాలు, అంతే."

"మనిషి చెయ్యి గాదా?"

"రోబో చెయ్యి. వెంట్రుక మందం గూడా తప్పదంట. నీ చెయ్యి కంటే నిదానం."

"అది సూడాల."

నవ్వాడు. కాఫీ నేనే పెట్టి ఇచ్చాను. చక్కెర మర్చిపోయాను, అయినా తాగాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు.

"ఉమమ్మకు చెప్పినావా?"

"చెప్తాలే."

ఆమె ఎందుకు వెళ్ళిపోయిందని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. వాళ్ళమ్మ చివరి చూపుకు అందలేదు. ముద్దనూరు దగ్గర రైలు గేటు పడి బస్సు ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఆ బాధ ఆమెకు పోలేదు, అక్కడే ఉండిపోయింది. చనిపోయింది నాకూ పరాయి మనిషి కాదు. సొంత మేనత్త. చిన్నప్పుడు నాకు తలంటు పోసిన మనిషి.

గేటు పడిన మాట నిజం.

జూలై 21, సోమవారం. బెంగళూరు

దగ్గు: బస్సులో లెక్కపెట్టలేదు.

పొద్దున బస్సుకు బయలుదేరాను. జమ్మలమడుగులో కృపానందం ఎక్కాడు. ముద్దనూరు దాటాక కిటికీ వైపు సీటు నాకివ్వమన్నాను. గాలి కోసం.

పులివెందుల బస్టాండులో పది నిమిషాలు ఆపారు. కృపానందం టీకి దిగాడు. అత్త ఇల్లు అక్కడి నుంచి రెండు వీధుల అవతల. నీలం తలుపు, వెనక చీనీ చెట్లు. ఆ వేళకు ఉమ చెట్లకు నీళ్ళు పెడుతుంటుంది, లేదా పెట్టేసి తల దువ్వుకుంటుంటుంది. తల దువ్వుకునేటప్పుడు రిబ్బను పళ్ళ మధ్య పెట్టుకుని అలాగే మాట్లాడుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కావాలని నేనూ ఎప్పుడూ అడగలేదు.

చిలకాకుపచ్చ చీరలో ఒకావిడ వెనక నుంచి కనబడింది. లేచి నిలబడ్డాను. ఆమె కాదు. ఉమ నడక వేరే.

నేను బస్సు దిగలేదు. మోకాళ్ళ నొప్పి.

జూలై 23

ఈరోజు సూదితో నా ఊపిరితిత్తిలో గడ్డ చుట్టూ నాలుగు బంగారు గింజలు పెట్టారు. నూకగింజంత కూడా లేవు. ఎక్స్‌రేలో అవి కనబడతాయి, వాటిని గుర్తు పట్టుకుని మిషన్ గడ్డను వెతుక్కుంటుందట.

"బంగారం ఎంత టచ్ సార్?" అని అడిగాను.

డాక్టరు నవ్వాడు. "మీరే చూసి చెప్పాలి" అన్నాడు.

మేలిమి బంగారమేనట. ఇక తీయరట, జన్మంతా లోపలే ఉంటాయట. ఊరందరికీ నగలు చేసి నా ఒంటి మీద ఒక ఉంగరం కూడా పెట్టుకోలేదని ఉమ సణిగేది. ఇప్పుడు చూస్తే నవ్వుతుంది. ఈ మాట చెప్పడానికైనా ఆమెకు ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు.

"ఇంగ నిజంగా బంగారం లాంటి మనిషివయినావు లేప్పా" అన్నాడు కృపానందం.

గింజలు కుదురుకోవడానికి వారం పైన పడుతుంది. అంతవరకు ఇంటికి పొమ్మన్నారు.

జూలై 25

పులివెందుల. దిగలేదు.

జూలై 30. ప్రొద్దుటూరు

దగ్గు: ఎనిమిది.

పనిబల్ల ముందు కూర్చున్నాను. పని లేదు, ఊరికే. అత్త పోయిన రోజు నేను ఉమను చూడలేదు. తల వంచుకుని పని చేసుకునేవాడికి గడపలో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది.

ఆగస్టు 5, మంగళవారం. బెంగళూరు

ఏమని రాయను.

గది చల్లగా, తెల్లగా ఉంది. మధ్యలో ఒక పరుపు. పక్కన ఆ చెయ్యి. మనిషి చెయ్యి కంటే ఎన్నో రెట్లు పెద్దది, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉన్నాయి. అది కదిలితే నేను కళ్ళార్పకుండా చూశాను. ఎంత నిదానం. మా నాయన చెయ్యి కూడా అంత నిదానంగా కదిలేది కాదు. పనివాడు పనివాణ్ణి గుర్తుపడతాడు, ఒప్పుకోక తప్పదు.

నడిపే అమ్మాయి పేరు మసరత్. మదనపల్లె పిల్ల. నాకు బిగుతైన చొక్కా ఒకటి తొడిగి దాని మీద ఎర్ర దీపాలు పెట్టింది. ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా లోపలి గడ్డ కిందికీ పైకీ జరుగుతుందట. ఆ దీపాలను చూసి చెయ్యి కూడా నా ఊపిరితో పాటే ఊగుతుందట.

"అంకుల్, మీరు కదలొద్దు. మామూలుగా ఊపిరి తీసుకోండి. అంతే" అని చెప్పి బయటికి పోయి తలుపు వేసింది.

చెయ్యి నా ఛాతీ దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగింది. మైకులో ఆ పిల్ల గొంతు. "అంకుల్, ఊపిరి బిగబట్టకండి." మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. "అంకుల్, ఊపిరి." పదకొండు సార్లు. పన్నెండోసారి డాక్టరే లోపలికి వచ్చి లేవమన్నాడు.

నేను కావాలని చేయలేదు. సన్నపని దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టాలి. పదేళ్ళప్పుడు మా నాయన నేర్పిన మొదటి పాఠం అది. నగకు టంకం ముక్క పెట్టేటప్పుడు ఊపిరి తగిలితే ఆ ముక్క ఎగిరిపోతుంది. నాది ఒకసారి ఎగిరిపోతే చెంప పగిలింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సన్నపని జరుగుతుంటే నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. మిషన్ సన్నపని చేస్తోంది, దానికి సాయం చేస్తున్నాననుకున్నాను.

డాక్టరు కోప్పడలేదు. అందుకే భయమేసింది. "మీ ఊపిరి ఒక వరసలో నడవకపోతే చెయ్యి దాన్ని పట్టుకోలేదు. చుట్టూ ఉన్న మంచి ఊపిరితిత్తిని కూడా కాల్చాల్సి వస్తుంది. మీకున్నదే తక్కువ. శుక్రవారం మళ్ళీ చూద్దాం. అప్పుడూ ఇలాగే అయితే ఈ వైద్యం మీకు కుదరదు."

వేరే ఏముందని అడిగాను. మాత్రలు, అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

ఆగస్టు 6, బుధవారం

దగ్గు: పద్నాలుగు.

పొద్దున్నుంచీ లాడ్జి గదిలో సాధన. నేను పడుకోవడం, కృపానందం పెన్ను పట్టుకుని నా ఛాతీ మీద మిషన్ లాగా తిప్పడం. పెన్ను దగ్గరికి రాగానే ఊపిరి ఆగిపోతుంది. రెండు గంటలకు విసిగిపోయి పెన్ను పరుపు మీద పారేశాడు.

"నువ్వు యాడన్నా, ఎప్పుడన్నా, నిమ్మళంగా ఊపిరి పీల్చినావా అప్పా జన్మలో?"

పీల్చాను. అది గుర్తొచ్చి అటు తిరిగి పడుకున్నాను. సాయంత్రం పని కట్టేశాక మిద్దె మీద చాప వేసుకుని పడుకునేవాణ్ణి. ఉమ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏదో ఒకటి చెప్పేది. ఎవరింట్లో ఏం వండారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ. నేను పలికేవాణ్ణి కాదు. కానీ ఆ గొంతు వింటుంటే ఛాతీలో ముడి వదులయ్యేది. పిల్లలు లేని ఇంట్లో వినబడేది ఆ ఒక్క గొంతే. ఆమె నన్ను విడిచిపోయాక చాప మిద్దె మీదికి ఎక్కలేదు.

ఆమె కావాలి నాకు. వైద్యానికని కాదు. మూడేళ్ళుగా కావాలి. దగ్గు పుస్తకంలో రాసుకోవడానికి నాకేం సిగ్గు.

ఇంకోటి కూడా రాస్తాను. మళ్ళీ రాయడానికి ధైర్యం ఉండదు.

మా ఇంట్లో ఒక నియమం. టంకం పెట్టేటప్పుడు నేను ఎడమ చెయ్యి ఎత్తుతాను. ఎత్తితే ఎవరూ మాట్లాడకూడదు, గడప దాటకూడదు. పెళ్ళయిన కొత్తలో ఉమ రెండుసార్లు మర్చిపోయింది, నేను అరిచాను. మూడోసారి మర్చిపోలేదు. ఆ రోజు హారం మీద పువ్వులకు టంకం పెడుతున్నాను. ఆమె గడపలోకి వచ్చింది. చెయ్యి ఎత్తాను. ఆగిపోయింది. ఇంకా ఎనిమిది పువ్వులు ఉన్నాయి. ఒక్కోదానికీ మూడు నిమిషాలు. ఎనిమిదీ అయ్యేదాకా ఆమె అలాగే నిలబడింది. చెయ్యి దించాక చెప్పింది, అమ్మకు ఊపిరి ఆడటం లేదట, ఫోన్ వచ్చిందని. నాలుగు గంటల బస్సు పోయింది. తర్వాతి బస్సెక్కి మేము చేరేసరికి అత్త పోయి అరగంటయింది.

గేటు పడింది రెండో బస్సుకు. మొదటి బస్సుకు గేటు పడలేదు.

నేను ఆమెను చూశాను. చేతిలో ఫోన్ చూశాను, మొహం చూశాను. ఏదో జరిగిందని తెలిసింది. తెలిసే చెయ్యి దించలేదు.

అదే రోజు, సాయంత్రం

ఫోన్ చేశాను. అవతల ఎత్తింది.

"ఎవురూ?" అంది. కాసేపాగి, "మామా, నువ్వేనా? పలకవేంది?"

"ఉమా."

"ఏంది?"

"బెంగళూరులో ఉండా. ఆస్పత్రిలో."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. "ఏమైంది?"

చెప్పాను. గడ్డ, మిషన్, ఊపిరి, అంతా. ఇంత పొడుగు మాట ఆమెతో ఎప్పుడైనా మాట్లాడానా. మధ్యలో దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగింది.

"తోడు ఎవురుండారు?"

"కృపానందం."

"నేను రావల్నా?"

వద్దులే, ఎందుకు శ్రమ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రా" అన్నాను.

ఆగస్టు 7, గురువారం

మధ్యాహ్నం బస్సుకు దిగింది. గుడ్డసంచి, దాన్నిండా చీనీకాయలు. మూడేళ్ళలో చెవుల దగ్గర వెంట్రుకలు పూర్తిగా నెరిశాయి. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"సగం అయినావు గదా మామా."

కృపానందం ఒక కాయ తీసుకుని ఏదో పని ఉందని బయటికి పోయాడు. అతనికి బెంగళూరులో ఏం పని.

లాడ్జి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"ఉమా, ఆ పొద్దు నీ చేతిలో ఫోను నేను సూసినా. నీ మొగం గూడా సూసినా. సూసే చెయ్యి దించలా."

ఆమె కాయ ఒలుస్తూనే ఉంది. "తెల్సు."

"తెల్సా?"

"నీ కండ్లు నా మొగం మీద పన్యాయి, మళ్ళా పువ్వు మీదికి పోయినాయి. నాకు తెలీదా? అంత పని ఉండె, మనిషన్నాక తప్పు జరుగుతాది, అనుకుందును. కానీ నువ్వు గేటు పడిందని ఊరంతా చెప్తాంటివి. నా ఎదురుగానే చెప్తాంటివి. ఇంగ ఆ ఇంట్లో ఎట్లుండాల నేను?"

నేను తల వంచుకుని కింద రాలిన తొక్కలు ఏరాను.

"సూసినా అని చెప్పేదానికి మూడేండ్లు పట్టె నీకు" అంది. ఒలిచిన కాయలో సగం నా చేతిలో పెట్టింది. మిగతా సగం ఆమె తినలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఏడ్చాను. అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, వరండాలో నలుగురూ చూస్తుండగా.

ఆగస్టు 8, శుక్రవారం

దగ్గు: ఏడు.

మామూలుగా మిషన్ నడిపే గదిలోకి ఎవరినీ రానివ్వరట. మసరత్ డాక్టరును అడిగి ఉమను కంప్యూటర్ తెరల ముందు కూర్చోబెట్టుకుంది. నాకు మాత్రం గట్టిగా చెప్పింది. "ఆంటీ మాట్లాడతారు. మీరు పలకొద్దు అంకుల్, పలికితే ఊపిరి ఎగురుతుంది. వింటూ ఉండండి చాలు."

చెయ్యి కదిలింది. నా ఊపిరి ఆగబోయింది. అప్పుడు మైకులో ఉమ.

"మామా, ఇనపడతాందా? ఈ పాప మాట్లాడమంటాంది. ఏం మాట్లాడేది నీతో, నువ్వు పలికే మనిషివా? ఇప్పుడు చెయ్యెత్తు, సూస్తా. కదిలేదానికి లేదంట గదా." వెనక మసరత్ నవ్వు వినబడింది. "పక్కింటి మైమూన్ వాళ్ళ మేక ఈనింది. మూడు పిల్లలు. మూడో దానికి పాలు అందవు, నేనే సీసాతో తాపుతాండా. ఈ రెండు దినాలు మైమూన్ తాపుతాది, దానికి సేత కాదు, పాలన్నీ కింద పోస్తాది. చీనీకాయలు ఈతూరి శానా కాసినాయి. కోతులు సగం తినిపాయ. అమ్మ నాటిన చెట్టే, ఇంటెనక నుయ్యి కాడిది, అదే ఎక్కువ కాసె. అమ్మ ఉంటే నీకు ఒక బుట్ట పంపిచ్చును."

ఇంకా ఏమేమో చెప్పింది. నాకు అన్నీ గుర్తులేవు. చెయ్యి నా చుట్టూ తిరుగుతూ నా ఊపిరితో పాటు చిన్నగా ఊగుతోంది. ఎవరి ఊపిరికో కాదు, నా ఊపిరికి. ఒక్కసారి కూడా ఆగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు గంట అయిందంటే నమ్మలేదు.

బయట ఉమ ఒక కొత్త సంగతి కనిపెట్టిన మొహంతో నిలబడి ఉంది.

"నీ ఊపిరి ఆడ గీత మాదిరి కనపడతాది మామా. మేకపిల్ల మాట చెప్తే కొంచిం ఎగిరింది. అమ్మ మాట చెప్తే నిదానమాయ. నువ్వు ఇంటాండావు. అంతా ఇంటాండావు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేండ్లూ గోడతో మాట్లాడినా అనుకుంటి."

ఆగస్టు 11

రెండోది అయింది. ఆమె వాళ్ళ వీధి సంగతులన్నీ మసరత్‌కు కూడా తెలిసిపోయాయి. మూడో మేకపిల్ల ఎలా ఉందని అడుగుతోంది.

ఆగస్టు 13

మూడోది. దగ్గు: నాలుగు.

ఆగస్టు 16

ఆఖరిది. ఆ చెయ్యికి దండం పెట్టి వచ్చాను. కృపానందం చూసి నవ్వలేదు. మూడు నెలల తర్వాత స్కాను తీస్తారు. గడ్డ చచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

తిరిగి పోయాక ఆమె ఎక్కడ ఉంటుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగకపోతే ఆమె కాదనడానికి ఉండదు కదా.

ఆగస్టు 17, ఆదివారం

బస్సులో కదిరి దాకా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదలలేదు. ఊపిరి మాత్రం పీల్చాను.

పులివెందుల రాగానే లేచింది. గుడ్డసంచి తీసుకుంది. "ఆడ మేకపిల్ల ఉంది, చెట్లుండాయి. టయానికి మాత్రలేసుకో మామా" అని దిగింది. నేను ప్రొద్దుటూరు దాకా టికెట్టు పట్టుకుని కిటికీలో కూర్చున్నాను. ఆమె బస్టాండు దాటి వీధి వైపు నడుస్తోంది. అదే నడక. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, ఆగమన్నట్టు. ఆమెకు వెనక కళ్ళు లేవు, చూడలేదు. చూసినా ఆ చెయ్యికి ఆమె ఇంకోసారి ఎందుకు ఆగాలి. దించేశాను. కిటికీలో నుంచి తల బయట పెట్టి అరిచాను.

"ఉమా! ఆగు. నేనూ వస్తాండా."

దగ్గు తెర వచ్చేసింది. బస్టాండు మొత్తం చూసింది. ఆమె వెనక్కి తిరిగి నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నా సామాను?" అన్నాను కృపానందంతో.

"నేను పంపిస్తాలే. దిగప్పా ముందు" అని నన్ను దాదాపు తోసేశాడు.

ఆగస్టు 18, సోమవారం. పులివెందుల

దగ్గు: రెండు.

కాదట. అయిదట. నీలం తలుపు దగ్గర కూర్చుని మేకపిల్లకు సీసాతో పాలు తాపుతూ ఆమె లెక్కపెట్టింది. ఆమె చెప్పిందే రాస్తున్నాను. అయిదు.